మూడో రీడింగు

మా హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పేదాన్ని నేనొక్కదాన్నే. పామర్రు దాటాక వరిపొలాల మధ్య ఉంటుంది బడి. మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో అందరూ క్యారేజీలు విప్పి కూరలు ఇచ్చిపుచ్చుకుంటారు, బదిలీల గురించి మాట్లాడుకుంటారు. మంచివాళ్ళే, నాకూ ఒక గరిటె పప్పు వేస్తారు. కానీ ఇవాళ క్లాసులో ఏ ద్రావణం ఎందుకు రంగు మారలేదో చెప్పుకుని సంబరపడటానికి ఒక్క మనిషి లేరు. ఉండాల్సిన మనిషి ఒకతి ఉండేది. లేకుండా పోవడం నా నిర్వాకమే.

బెజవాడలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివేటప్పుడు ల్యాబ్‌లో ఆమే నా జోడీ. వాళ్ళ నాన్న ఆటోనగర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేసేవారు. కొలత వెంట్రుకవాసి తప్పితే చేసిందంతా పారేయాల్సిందేనట. ఆ పట్టుదల కూతురికీ వచ్చింది. మేం చేసే టైట్రేషన్ అంటే, బ్యూరెట్ అనే పొడుగాటి గాజు గొట్టంలోంచి చుక్కచుక్కగా ద్రావణం వదులుతూ, కింద ఫ్లాస్కులో రంగు మారగానే ఆపి, ఎంత పట్టిందో ఆ రీడింగు రాసుకోవడం. మూడుసార్లు చేయాలి. మా బ్యాచ్‌లో మూడోసారి చేసిన మహానుభావులు ఎవరూ లేరు. రెండు చేసేసి, మూడోది వాటికి సరిపోయేలా రాసేసి, క్యాంటీన్‌కి చెక్కేసేవాళ్ళం. ఆమె మాత్రం నిలబడి చేసేది.

"ఎలాగూ అదే వస్తుంది కదే, రాసేసి రా తల్లీ" అని నేను గొణిగేదాన్ని.

"రాకపోతే?" అనేది, చుక్క మీంచి చూపు తిప్పకుండా.

మా ఇద్దరికీ ఒక రహస్యం ఉండేది. కంపెనీలూ గింపెనీలూ వద్దు, బీఈడీ ఎంట్రన్స్ రాసి బడిపిల్లలకి సైన్స్ చెబుదామనుకున్నాం. ఆ మాట బయట అనడానికి నాకు చచ్చేంత భయం. మా క్లాసులో టీచరు ఉద్యోగమంటే అంత లోకువ. ఫార్మా కంపెనీ అంటే గొప్ప, పీహెచ్‌డీ అంటే ఇంకా గొప్ప, బ్యాంకు కోచింగ్ అన్నా ఫర్వాలేదు. పేపరు పోయిందని ఎవరైనా ఏడుస్తుంటే "ఊరుకో, ఏదీ రాకపోతే బీఈడీ ఉందిగా" అని ఓదార్చేవాళ్ళు.

"ఎవరైనా అడిగితే ఇద్దరం కలిసే చెబుదాం, సరేనా?" అంది ఒకరోజు బస్టాపులో. సరేనన్నాను.

చివరి సెమిస్టర్‌లో మా సారు అడగనే అడిగారు. ఎవరెవరు ఏమవుదామనుకుంటున్నారో చేతులెత్తమన్నారు. ఫార్మా అన్నారు, సగం క్లాసు లేచింది. పీహెచ్‌డీ అన్నారు, నలుగురైదుగురు. "స్కూల్ టీచర్?" అని, జవాబు కోసం చూడకుండానే తర్వాతి దానికి వెళ్ళబోయారు. నా పక్కన ఆమె చెయ్యి లేచింది.

"ఒకటో క్లాసుకా, ఎల్‌కేజీకా?" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. సారు కూడా ముసిముసిగా నవ్వారు. ఆమె చెయ్యి దించలేదు. తల తిప్పి నా వైపు చూసింది. అప్పటికి నేనూ నవ్వుతున్నాను.

నాకేం నవ్వు రాలేదు, తెప్పించుకున్నాను. ల్యాబ్‌లో మూడో రీడింగు రాసినట్టే, అందరికీ సరిపోయేలా నవ్వాను. సిగ్గులేని మొహం నాది.

ఆమె తిట్టినా బాగుండేది. ఆ వారం ల్యాబ్‌లో రెండుసార్లు చేసి, మూడో గడిలో అంకె వేసేసి, బ్యూరెట్ కడగడం మొదలుపెట్టింది.

"ఏంటే, మూడోది చెయ్యవా?" అన్నాను.

"ఎలాగూ అదే వస్తుందిగా" అంది.

నెల తిరక్కుండా కంపెనీవాళ్ళు కాలేజీకి వచ్చారు. ఆమె ఇంటర్వ్యూకి వెళ్ళింది, సెలెక్టయింది, హైదరాబాద్ వెళ్ళిపోయింది. ఎంట్రన్స్ నేనొక్కదాన్నే రాశాను. బీఈడీ చేశాను, డీఎస్సీ రాశాను, టీచర్నయ్యాను. పుట్టినరోజులకి మెసేజ్ పెడితే దండం బొమ్మ వచ్చేది, అంతే.

పోయిన నెల తొమ్మిదో తరగతి పిల్లలతో మందారపూలు నలిపించి రసం తీయించాను. నిమ్మరసంలో వేస్తే ముదురు గులాబీ, సబ్బునీళ్ళలో ఆకుపచ్చ, మామూలు నీళ్ళలో మార్పు ఉండదు. పుస్తకంలో ఉన్నదదే, పిల్లలందరూ అదే రాశారు. ఒక అమ్మాయి మాత్రం నీళ్ళ ఎదురుగా 'లేత ఆకుపచ్చ' అని రాసింది.

"టీచర్, నీళ్ళు కూడా ఆకుపచ్చంట!" అని పక్కపిల్ల అరిచింది. అందరూ పగలబడి నవ్వారు. వెళ్ళి గ్లాసు చూశాను. నిజంగానే లేత ఆకుపచ్చ. మా బడి బోరు నీళ్ళు ఉప్పగా, సబ్బు నురగ రానంత మొండిగా ఉంటాయి. సబ్బునీళ్ళలో లాగే వాటిలోనూ కాస్త క్షారం ఉంటుంది, అవి మామూలు నీళ్ళెలా అవుతాయి? చూసింది చూసినట్టు రాసింది ఆ పిల్లొక్కతే.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎన్నడూ అరవనిదాన్ని, క్లాసు దద్దరిల్లేలా అరిచాను. పక్కపిల్లని లేపి చివరి బెంచీలో కూర్చోబెట్టాను. అది వెక్కివెక్కి ఏడ్చింది.

సాయంత్రం బస్టాపులో నిలబడి ఆమెకి ఫోన్ చేశాను. ఎత్తుతుందనుకోలేదు, ఎత్తింది.

"ఆ రోజు నవ్వాను. తప్పు చేశానే" అన్నాను, పలకరింపు కూడా లేకుండా.

అవతల కంపెనీలో మెషీన్ల చప్పుడు వినిపిస్తోంది.

"అందరూ నవ్వారులే. నేను వాళ్ళని చూళ్ళేదు" అంది. తర్వాత మెల్లగా, "ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?" అంది.

మందారపూల సంగతంతా చెప్పాను. మధ్యలో ఎన్ని ప్రశ్నలో! రసం చిక్కగా తీశారా, గ్లాసు ముందు కడిగారా, బోరు ఎంత లోతు. ఆ గొంతు విని ఎన్నేళ్ళయిందో. పక్కపిల్లని చివరి బెంచీకి పంపానని కాస్త గొప్పగానే చెప్పాను.

"రోజూ ఆ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారా?"

"ఆఁ. ఒకే డబ్బాలో తింటారు."

"అయ్యో, ఏం పని చేశావే! రేపు వెళ్ళగానే మళ్ళీ దాని పక్కనే కూర్చోబెట్టు. ఆలస్యం చెయ్యకు. ఒకసారి దూరమైతే మళ్ళీ కూర్చోరు." "సరే, బ్రేక్ అయిపోయింది. ఉంటాను."

మర్నాడు మొదటి పీరియడ్‌లోనే ఆ పిల్లని పాత చోట కూర్చోబెట్టాను. ముందు ఇద్దరూ బిగుసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం వరండాలోంచి చూస్తే ఒకే డబ్బా మీద వంగి తింటున్నారు. ఆ మాట చెబుదామని ఫోన్ చేశాను. ఎత్తలేదు. స్టాఫ్‌రూమ్‌కి వచ్చి క్యారేజీ విప్పుకున్నాను.