నాంచారయ్య కండువా

మా నాంచారయ్య మావయ్య తన నీడను కూడా నమ్మని మనిషి. పెడనలో నలభై ఏళ్లు కలంకారీ అద్దకం చేశాడు. రోజూ సాయంత్రం చెక్క అచ్చులు పెట్టెలో పెట్టి తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. తన అచ్చు ఎవడు కాపీ కొడతాడోనని గుడ్డ పేలిక కూడా గడప దాటనిచ్చేవాడు కాదు. నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. గుడ్డ నానబెట్టే నీళ్లలో కరక్కాయ ఎంత కలపాలో చెప్పడానికి సొంత మేనల్లుణ్ణి, నాకే ఆరేళ్లు పట్టించాడు.

అద్దిన గుడ్డను పారే మంచినీళ్లలో ఉతికితేనే మా ఎరుపు తేలుతుంది. తొంభై మూడులో ఊరికి కాస్త ఎగువన రొయ్యల చెరువులకు ప్రభుత్వం అనుమతిచ్చింది. వాటి ఉప్పునీళ్లు కాలువలోకి వదలడం మొదలయ్యాక మా ఎరుపు ఇటుకపొడి రంగుకు తిరిగింది. బేరగాళ్లు గుడ్డ తిప్పి చూసి, మళ్లీ వస్తామని వెళ్లేవారు. మళ్లీ వచ్చింది లేదు.

అప్పుడు బందరు నుంచి పూర్ణచంద్రరావు గారనే రిటైర్డు లెక్చరరు వచ్చారు. ఆ అనుమతి రద్దు చేయాలని తమ పర్యావరణ సంఘం హైకోర్టులో కేసు వేసిందనీ, కోర్టు పంపే కమిషనరుకు చూపించడానికి ఈ కాలువలో ఉతికిన గుడ్డ ఒకటి కావాలనీ అడిగారు. వెళ్తూ వెళ్తూ, రంగు ఉడికించిన నీళ్లు ఎక్కడ పారబోస్తారని కూడా అడిగారు. మావయ్యకు అక్కడే కాలింది.

"ఈయన కేసు చెరువుల మీద కాదురా, మన మీద," అన్నాడు నాతో.

పైగా చెడిపోయిన ఎరుపు తన పేరుతో కోర్టుకెక్కితే పరువేం కావాలి? బస్సెక్కి నందివాడలో ఉన్న చెల్లెలు ప్రేమమ్మ ఇంటికి వెళ్లి, అక్కడి మంచినీళ్ల కాలువలో గుడ్డ ఉతికి తెచ్చి, ఇక్కడిదేనని ఇచ్చేశాడు. నాకు తెలుసు. నోరెత్తలేదు. ఆయన అనుమానం నాకూ అంటుకుంది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కమిషనరు కుర్ర లాయరు. కాలువ గట్టు మీద ప్రభుత్వ వకీలు ఆ గుడ్డను విప్పి ఎండకు పట్టాడు. రంగు చాలా బాగుందన్నాడు కమిషనరు. మావయ్య మొహం ఒక్క క్షణం వెలిగింది. అయితే నీళ్లలో ఏ లోపమూ లేదని రాసుకోమన్నాడు వకీలు. కమిషనరు పెన్ను తీశాడు. ఆ మాట రిపోర్టుకెక్కితే చెరువులు నిలుస్తాయి, మా పని పోతుంది. పూర్ణచంద్రరావు గారు ఏమీ అర్థంకాక మా వైపు చూస్తున్నారు.

మావయ్య భుజమ్మీది కండువా తీశాడు. అమ్ముడుపోని తానులోంచి చింపుకున్న ముక్క అది. మూడు నెలలుగా అందరి కళ్ల ముందే ఉంది.

"ఆ గుడ్డ నందివాడలో ఉతికానండీ. ఈ కాలవలో ఉతికింది ఇదీ," అని కమిషనరు చేతిలో పెట్టాడు.

ఇప్పుడు అనుమానం కమిషనరు వంతయింది. కండువాను అటూ ఇటూ తిప్పి, ఇంతకీ మీ రంగునీళ్లు ఎక్కడికి పోతున్నాయని అడిగాడు. మావయ్య ఇన్నాళ్లూ భయపడ్డ ప్రశ్న అదే.

"ఈ కాలవలోకేనండీ," అన్నాడు మావయ్య. "అదీ రాసుకోండి. రెండూ రాసుకోండి."

కమిషనరు రాసినదాన్ని మావయ్య పూర్ణచంద్రరావు గారిచేత ఒకసారి, నాచేత ఒకసారి విడివిడిగా చదివించుకున్నాడు. ఇద్దరం ఒకటే చెప్పామని తేలాక సంతకం పెట్టాడు. కండువా మాత్రం తిరిగి అడగలేదు.