ఆ నీళ్లలో ఆ పడవ లేదు

నెల్లూరులో ఒక కళాశాలలో నేను భౌతికశాస్త్రం చెబుతాను. సన్నని చీలిక గుండా కాంతిని పంపి, తెర మీద పడే వెలుగు చారలను ఫోనుతో తీసి విద్యార్థులకు చూపించడం నా అలవాటు. ఒకసారి ఆ ఫొటోలోనే చారల వెలుగును కొలిచి చూస్తే లెక్క కుదరలేదు. ప్రయోగాన్ని మళ్లీ చేశాను, పరికరాలు మార్చాను, చివరికి తప్పు ఫోనుదని తేలింది. పక్క చారలు మసకగా ఉన్నాయని అది తనంతట తాను వాటిని వెలిగించింది. నేను అడగని సాయం. చెప్పిన మాట వినే కెమెరా ఒకటి కొనుక్కుని, దానికి ఏం చెప్పాలో నేర్చుకుందామని ఆదివారపు ఫొటోగ్రఫీ తరగతుల్లో చేరాను.

గురువుగారు ఫొటోలు బాగా తీసేవారు. ఆ మాట ముందుగా చెప్పడం న్యాయం. లెన్సు ద్వారాన్ని ఎంత తెరిస్తే ఏది మసకబారుతుందో, షట్టరు ఎంతసేపు తెరిచి ఉంచితే అల పాలలా మారుతుందో, ఆయన చెప్పినవన్నీ ఇంటికి వెళ్లి పరీక్షించి చూశాను, నిజమే. చిక్కంతా ఆయన శాస్త్రం పేరు ఎత్తినప్పుడే వచ్చేది. ఫ్రేమును మూడు భాగాలు చేసి గీతలు కలిసే చోట మనిషిని నిలబెడితే చూసేవాడి కన్ను మొదట అక్కడికే పోతుందని, అది సైంటిస్టులు తేల్చిన విషయమని ఒక ఆదివారం అన్నారు.

"ఏ సైంటిస్టులు సార్?" అని అడిగాను.

"మీకు అన్నిటికీ రుజువు కావాలి మేడం. పెళ్లి భోజనంలో సాంబారు కూడా తూకం వేసే తింటారా?"

"తూకం కాదు సార్, ముందు ల్యాబుకు పంపిస్తారు," అన్నాడు నా పక్క కుర్చీలోని పళ్ల డాక్టరు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను.

మొదటి తరగతిలో ఆయన చెప్పిన మొదటి వాక్యం, కెమెరా అబద్ధం చెప్పదు అని. కొన్నాళ్లకు కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఒక ఫొటోలో కరెంటు స్తంభాన్ని చెరిపి, తెల్లబోయిన ఆకాశాన్ని తీసేసి, మరెక్కడో తీసిన ఎర్రటి ఆకాశాన్ని దాని స్థానంలో అమర్చి చూపించారు. అతుకు కనబడకుండా అంచును ఎలా మెత్తబరచాలో అందరి చేతా చేయించారు.

"లేని చోట పెట్టడమే కదా సార్, నేను పళ్లు కట్టినట్టు," అన్నాడు డాక్టరు.

"దీన్ని ఇంకా ఫొటో అనవచ్చా?" అన్నాను నేను.

"ఫొటో అంటే నిజం కాదు మేడం, భావం," అన్నారు గురువుగారు. మొదటి తరగతి వాక్యం నా నోటుపుస్తకంలో ఇంకా అలాగే ఉంది.

చలికాలంలో, పులికాట్ సరస్సుకు కొంగలు వచ్చే రోజుల్లో, వాకాడు దాటి సరస్సు ఒడ్డున ఉన్న ఒక పల్లెకు మమ్మల్ని తీసుకువెళ్లారు. వర్క్‌షాపు అన్నారు దాన్ని. చేరిన రోజు సాయంత్రం, సరస్సు సన్నబడి సముద్రం వైపు దారి తీసే చోట నిలబడ్డాం. నీళ్లలో రెండు వరసలుగా గుంజలు పాతి ఉన్నాయి. వాటి వెనుక సూర్యుడు దిగిపోతున్నాడు. గురువుగారు వరసగా ఫొటోలు తీశారు. తరువాత, మాకోసం మాట్లాడి పెట్టుకున్న జాలరితో అన్నారు:

"రేపు పొద్దున నీ పడవ ఇక్కడికే తీసుకురా. ఆ గుంజల మధ్య నిలబడి వల విసరాలి."

"ఆడ కుదరదు సార్," అన్నాడు అతను. "ఇప్పుడు ఆ నీళ్లు మాయి కావు."

"చేపలు పట్టమనటం లేదయ్యా. ఫొటో కోసం. ఖాళీ వలే విసురు."

"ఖాళీ వలని యాడుంది సార్. నీళ్లలో పడితే వలే."

నాకు అర్థం కాక అతన్ని పక్కకు పిలిచి అడిగాను. అతను ఓపికగా చెప్పాడు. రొయ్య సముద్రానికి పోయే దారి అదొక్కటే. అందుకని ఊళ్లోని ఇళ్లన్నీ జట్లుగా ఏర్పడి, సీజనుకు ముందు చీట్లు వేసుకుని, ఎవరి వంతు ఎప్పుడో తేల్చుకుంటాయి. వంతున్న జట్టు పడవలు తప్ప మరొకటి ఆ గుంజల మధ్యకు పోకూడదు. పోతే, ఆ మనిషి తన వంతు పోగొట్టుకుంటాడు. వచ్చే చీట్లలో అతని పేరు కూడా ఉండదు.

"మా వంతు వచ్చే అమావాస్యకు మేడం," అన్నాడు. "అమావాస్య పోటుకే రొయ్య కదిలేది. పోయినేడు మాకు పడిన వంతుకు తుఫాను తగిలింది. ఈసారి దొరికితేనే ఇల్లు నిలబడేది. ఈయన ఫొటోకని ఆడికి పోతే నా పెళ్లాం నన్నే వల్లో చుట్టి పారేస్తది."

అతని భార్య ఒడ్డున ఎండుచేపలు ఎత్తుతూ వింటోంది. "వలెందుకు దండగ," అంది తలెత్తకుండా.

మర్నాడు పొద్దున్నే అతను పల్లె వెనక, పడవలు కట్టేసే నిలవ నీటిలో వల విసిరాడు. అక్కడ చేప ఉండదని, అందుకే అక్కడ ఎవరికీ అభ్యంతరం ఉండదని చెప్పాడు. నీలం పడవ, పసుపు పట్టీ, ముక్కు మీద భార్య వేసిన తామరపువ్వు. గురువుగారు "ఇంకోసారి", "ఇంకొంచెం ఎత్తు" అంటుంటే అతను విసురుతూనే ఉన్నాడు. సూర్యుడు అతనికి వెనకగా, ఎడమ వైపున ఉన్నాడు. నేనూ తీశాను. నా వాటిలో కట్టేసిన పడవలు, ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, ఆరేసిన చీర కూడా పడ్డాయి. ఫ్రేములో చెత్త ఎక్కువైందని గురువుగారు పెదవి విరిచారు.

వారం తిరగకముందే మా తరగతి వాట్సాప్ గుంపులో ఆయన ఫొటో వచ్చింది. 'తొలి వెలుగు' అని పేరు. ఎర్రటి ఆకాశం, రెండు వరసల గుంజలు, వాటి నడుమ నీలం పడవ, గాలిలో గుండ్రంగా విచ్చుకున్న వల. నీడలో పోవలసిన రంగులను కూడా ఆయన నేర్పుగా పైకి తెచ్చారు. తామరపువ్వు రేకులు లెక్కపెట్టవచ్చు. దాన్ని ఒక పోటీకి పంపానని కింద రాశారు.

"సూర్యుడు అతనికి కుడి వైపున ఉన్నాడు, వెలుగు అతని ఎడమ భుజం మీద పడింది. ఎలా సార్?" అని రాశాను. రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి జవాబుగా వచ్చింది.

ఆ ఫొటో ఫోను నుంచి ఫోనుకు పాకి, ఆ పల్లెకే చేరింది. పట్నంలో దాన్ని చూసినవాళ్లకు ఒక జాలరి, ఒక వల, ఒక ఉదయం కనిపించాయి. పల్లెలో చూసినవాళ్లకు అది ఉదయం కాదని వెంటనే తెలిసింది, ఎందుకంటే ఆ గుంజల వెనక సూర్యుడు కనిపించేది సాయంత్రమే. కొత్తగా మార్చిన గుంజ ఎక్కడుందో చూసి అది ఈ సీజనే అని పోల్చారు. తామరపువ్వు చూసి పడవ ఎవరిదో పోల్చారు. వంతు ఎవరిదో వాళ్లకు చెప్పనక్కర లేదు. ఆ ఫొటోలో ఉన్న ప్రతి వస్తువునూ వాళ్లు సరిగానే చదివారు. అన్నీ ఒకే చోట, ఒకే సమయాన ఉన్నాయని నమ్మడం ఒక్కటే వాళ్లు చేసిన తప్పు.

వంతు తీసేస్తామన్నారని జాలరి నాకు ఫోను చేశాడు. "మేడం, మీరు ఆడనే ఉండారు గదా. నేను ఆడికి పోలేదని ఒక్క మాట వచ్చి చెప్పండి. అమావాస్య దగ్గరకొచ్చేసింది."

వెళ్లాను. తుఫాను షెల్టరు మెట్ల మీద పెద్దలు కూర్చున్నారు. నేను తీసిన ఫొటోలు లాప్‌టాపులో వరసగా చూపించాను. వాటిలో నమోదైన సమయం చూపించాను. గురువుగారి ఫొటోలో భుజం మీది వెలుగు, ఆకాశంలోని సూర్యుడు ఒకదానికొకటి ఎలా పొసగవో కాగితం మీద గీసి చెప్పాను. ఆకాశం ఎలా మార్చవచ్చో అక్కడికక్కడే చేసి చూపించాను. అప్పుడే తీసిన ఫొటోలో వాళ్ల షెల్టరు వెనక అర నిమిషంలో కొండలు మొలిచాయి. వెనక ఎవరో "తిరపతి ఈడికే వచ్చిందిరా" అన్నారు.

ఊరి పెద్ద మాత్రం నవ్వలేదు. అంతా శ్రద్ధగా చూసి అడిగాడు: "ఆయన ఫొటో ఇట్టా మార్చొచ్చు. సరేనమ్మా. మరి నువ్వు తెచ్చినవి మార్చలేదని మాకెట్టా తెలుస్తది?"

"ఇవి అసలువి."

"ఆయనా అట్టనే అంటాడు గదమ్మా."

"టైము కూడా ఉంది, చూడండి."

"కొండలే పెట్టినావు. టైము పెట్టలేవా?"

పెట్టగలను. కెమెరాలో గడియారం ఎవరైనా మార్చవచ్చు. ఆ సంగతి దాచడం నాకు చేతకాలేదు, ఒప్పుకున్నాను. నా ముందుకు ఎవరైనా ఇలాంటి రుజువు తెస్తే నేను అడిగే ప్రశ్నే ఆయన అడిగాడు. అందులో వంక పెట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.

"నువ్వు ఈయన పిలిస్తే వచ్చినదానివి," అన్నాడు పెద్ద, జాలరిని చూపిస్తూ. "ఆ ఫొటో తీసినాయన్ని రమ్మను. నేనే అతికించినాను అని ఈ మెట్ల మీద చెప్పమను. చెప్తే వంతు ఈయనదే."

న్యాయమైన మాట. అది పట్టుకుని గురువుగారి దగ్గరకు వెళ్లాను. ఆయన కాఫీ తెప్పించారు.

"ఫొటోలో మార్పులు చేయకూడదని పోటీ నిబంధనల్లో ఉంది మేడం. ఫలితాలు రాబోతున్నాయి. ఇప్పుడు నేను వెళ్లి అతికించానంటే నా పరువేం కావాలి?"

"ఆ నీళ్లలోకి రానని అతను మన ముందే చెప్పాడు. అయినా మీరు అతన్ని అక్కడే పెట్టారు."

"అందంగా ఉందని పెట్టాను. చెడ్డగా చూపించలేదే."

"అతని వంతు పోతుంది సార్."

"వాళ్ల గొడవలు వాళ్లకు ఎప్పుడూ ఉండేవే. అతనికి ఆ ఫొటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి నేనే పంపిస్తాను. ఇంట్లో పెట్టుకుంటాడు."

ఆయన ఎగతాళిగా అనలేదు. నిజంగానే అది బహుమతి అనుకున్నారు. ఎగతాళి చేసి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ ఒడ్డున మాతో పాటు నిలబడ్డవాళ్లను ఒక్కొక్కరినీ అడిగాను. పళ్ల డాక్టరు ఒక్కడే సూటిగా చెప్పాడు. "వచ్చే నెల సార్ మమ్మల్ని అరకు తీసుకెళ్తున్నారు మేడం. ఇప్పుడు ఎదురు తిరిగితే ఏం బాగుంటుంది?" మిగిలినవాళ్లు చేతులు జోడించిన బొమ్మలు పంపారు.

పోటీ నిర్వాహకులకు ఆయన ఫొటో, నా ఫొటో పక్కపక్కన పెట్టి రాశాను. అమావాస్యకు ముందు జవాబు రాలేదు. ఆ పోటు నాటికి గుంజల మధ్య అతని చోటులో ఇంకొకరి పడవ నిలిచింది. రొయ్య బాగా పడిందని తరువాత విన్నాను.

చాలా రోజులకు నిర్వాహకులు తేల్చారు. అది రెండు ఫొటోల కలయిక కనుక సహజ ఫొటోల విభాగం నుంచి తప్పించి, సృజనాత్మక విభాగంలోకి మార్చారు. ఆ విభాగంలో దానికే మొదటి బహుమతి ఇచ్చారు. ఇక దాచే అవసరం లేకపోయింది కాబట్టి, ఉదయాస్తమయాలు రెండింటినీ ఒకే చట్రంలో ఎలా ఇమిడ్చారో గురువుగారే సంతోషంగా ఒక వీడియోలో వివరించారు. సాయంత్రం తీసిన గుంజలు వేరుగా, పొద్దున తీసిన పడవ వేరుగా, చివరికి రెండూ కలిపి. ఇంతకన్నా నిక్కమైన రుజువు నా వృత్తిలో కూడా అరుదుగా దొరుకుతుంది.

దాన్ని తీసుకుని మళ్లీ పల్లెకు వెళ్లాను. ఊరి పెద్ద వీడియో మొత్తం చూశాడు. ఒకచోట ఆపించి, మళ్లీ చూశాడు.

"మావాడు ఆడికి పోలేదు. నిజమే," అన్నాడు. "వచ్చే చీట్లలో పేరు ఉంటది. అయిపోయిన పోటును మేము తేలేం గదమ్మా."

అంతకు మించి ఆయన చేయగలిగింది లేదు. జాలరి ఊళ్లో లేడు. అల్లూరు వైపు రొయ్యల చెరువు కాపలాకు వెళ్లాడని, పడవ బోర్లించి ఉందని అతని భార్య చెప్పింది.

"ఈ మాట మీరే చెప్పండి మేడం," అంది. "నేను చెప్తే, నన్ను ఓదార్చడానికి చెప్తన్నావంటాడు."

అక్కడి నుంచే ఫోను చేశాను. అవతల చెరువులో గాలి కొట్టే యంత్రాల మోత. అంతా రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

"నేను ఆడికి పోలేదని తేలిందా?" అన్నాడు.

"తేలింది. మీ పెద్ద అందరి ముందూ ఒప్పుకున్నారు."

"నేను పోలేదని నాకు ముందే తెలుసు గదా మేడం," అన్నాడు. "మేత చల్లే టైమయింది. ఉంటా."