నీ మాటేంటమ్మా?

తెలుగు చెప్పే విమల టీచర్ బల్ల మీద గడియారం పెట్టి, "వ్యాసానికి అరగంటే టైము, కానివ్వండి" అంటుంది. చప్పుడుకి టెన్త్ పిల్లల ఆలోచన చెదురుతుందని చెప్పులు విడిచి వాళ్ల మధ్య తిరుగుతుంది. ఈ ముసునూరు బడి పిల్లలు రెండు వైపులా చక్కగా వాదిస్తారు గానీ, చివర్లో "పెద్దలు ఎలా చెబితే అలా" అని వినయంగా ముగించేస్తారు. "మరి నీ మాటేంటమ్మా?" అంటూ ఆవిడ ఎర్రపెన్నుతో ఆ వాక్యమే కొట్టేస్తుంటుంది.

నిన్నటి వ్యాసం విషయం, సెలవుల్లో పిల్లలు మామిడితోట పనికెళ్లొచ్చా అని. వెళ్లకూడదని ఆవిడ ముందే నూరిపోసింది. పావని పేపరు చివర ఇలా ఉంది: "టీచర్ గారు వద్దన్నారు. నేను ఒప్పుకోనండి. పక్కపక్కన కాయలు ఏరుతున్నప్పుడే అమ్మ నాతో తీరిగ్గా మాట్లాడుతుంది."

ఆవిడ ఎర్రపెన్నుకి మూత పెట్టేసి, పావనిని పిలిచింది.

"థాంక్సే తల్లీ."

"ఎందుకండీ?"

"నా మాట కాదన్నందుకు."