పన్నెండో కెపాసిటర్

గిద్దలూరులో నాది మోటార్ల వైండింగ్ దుకాణం. మా వైపు బోరు ఎండిపోతే రైతు తన స్టార్టర్ పెట్టె తెచ్చి నా దగ్గర పెట్టిపోతాడు. చేలో ఉంటే దొంగల భయం, ఇంట్లో ఉంటే చూసినప్పుడల్లా కడుపు మంట. మళ్లీ నీళ్లు పడితే తీసుకుపోతానంటాడు. పెట్టె నా దగ్గర ఉన్నంతవరకు ఆశ ఉన్నట్టే లెక్క. తీసుకుపోయినవాళ్లు మాత్రం తక్కువ.

బోర్లు ఎండితే నాకూ పనుండదు. ఆ ఖాళీలోనే ఫోన్‌లో టెస్లా కాయిల్ చూశాను. తీగ చుట్టిన గొట్టం మీంచి గాల్లోకి మెరుపులు. తీగ చుట్టడం తప్ప మరే విద్యా రాని నాకు పిచ్చి పట్టింది. బోరులో దించే ప్లాస్టిక్ కేసింగ్ పైపు ముక్క మీద సన్నతీగ వెయ్యి చుట్లు చుట్టాను. పాత మైక్రోవేవ్ ఓవెన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ ఊడబీకాను. ఇక కావలసినవి కరెంటును నింపుకుని వదిలే కెపాసిటర్లు, మా రైతుల మాటలో కండెన్సర్లు. స్టార్టర్ పెట్టెల్లో ఉండేవే.

ట్రాన్స్‌ఫార్మర్ రెండు వేల వోల్టులకు పైగా ఇస్తుంది. ఒక్కో కెపాసిటర్ తట్టుకునేది నాలుగు వందల నలభై. పక్కపక్కన కలిపితే నిలువ పెరుగుతుందే గానీ ఓర్పు పెరగదు. ఒకదాని వెనక ఒకటి కలిపితేనే వోల్టులు పంచుకుంటాయి. అన్నీ సమానంగా ఉండాలి, లేకపోతే చిన్నదాని మీదే భారమంతా పడుతుంది. పన్నెండు కావాలనుకున్నాను. వాడుకోమని చెప్పి కూలికి వలసపోయినవాళ్ల పెట్టెలు విప్పి, మీటరు పెట్టి, ఉబ్బినవి పారేస్తే పదకొండు తేలాయి.

పన్నెండోది కొమరోలు బావ పెట్టెలో ఉంది. మా అక్క భర్త. వాడుకోమని ఆయన చెప్పలేదు. ఆ చేలో ఇంకెక్కడి నీళ్లులే అనుకుని విప్పేశాను.

స్విచ్ వేస్తే జానెడు మెరుపు వచ్చింది. నాలుగు క్షణాలు కూడా నిలవలేదు, కెపాసిటర్లు టపటపా పగిలాయి. నింపాదిగా మోటారు నడిపే సరుకు అది. సెకనుకు వందసార్లు నిండి ఒక్కసారిగా ఖాళీ అయ్యే పనికి చేసింది కాదు. ఆ సంగతి ముందే చదివాను. నాకు పొగరు.

ఆ వారమే బావ వచ్చాడు.

"సోమవారం బోరు బండి వస్తాది బామ్మర్దీ. పాస్టరయ్య ప్రార్థన చేసి చోటు చూపించినాడు. నా పెట్టె ఇయ్యి."

తెరిచి చూసుకున్నాడు. జరిగింది చెప్పాను. ఇంకా మంచిది వేసిస్తానన్నాను. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

"కండెన్సర్‌ది ఏముందిలే, యాడన్నా దొరుకుతాది. ఊరంతా నీళ్లు పడవన్నా నువ్వు మాత్రం పెట్టె దాచినావని మీ అక్కకు చెప్తా ఉంటి," అన్నాడు.

కొత్తది బిగించి ఇచ్చాను.

సోమవారం బండి సాయంత్రం దాకా తవ్వింది. దుమ్మే లేచింది. ఈసారి బావ పెట్టెను నా దగ్గరకు తీసుకురాలేదు.