గంటత్త గొంతు, రెండు డిస్కుల పెట్టె

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఆ రోజులంటే మరీ పాతవేం కాదు, కర్నూలులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. వారమంతా హాస్టల్లో ఉండి, శనివారం మధ్యాహ్నం బస్సెక్కి నందికొట్కూరులో మా ఇల్లు చేరేదాన్ని. ఎవరి కంప్యూటరైనా మొరాయిస్తే దగ్గరికెళ్లి, కళ్లద్దాలు సవరించుకుని, "ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి" అని గంభీరంగా చెప్పడం నా పని. ఆ ఒక్క మాటతోనే సగం రోగాలు కుదిరేవి కాబట్టి నా హస్తవాసి మీద నాకు గట్టి నమ్మకం ఏర్పడింది. ఇంట్లో నాయన నన్ను 'ఇంజినీరమ్మా' అని పిలిచేవాడు. అది ఎగతాళి అని నాకు అర్థమయ్యేసరికి చాలా కాలం పట్టింది.

మా మేనత్త, అంటే నాయనకు అక్క, మా వీధి చివర ఉండేది. ఊళ్లో అందరికీ ఆమె గంటత్త. చర్చిలో గంట కొట్టకపోయినా పర్వాలేదు, ఆమె పాట ఎత్తుకుంటే చాలు, ఆరాధన మొదలైందని మూడు వీధుల అవతలికి తెలిసిపోయేది. ఈస్టరు తెల్లవారుజామున మొదటి పాట ఎప్పుడూ ఆమెదే. ఆమె ఎత్తుకోనిదే మిగతా ఆడవాళ్లెవరూ నోరు తెరిచేవాళ్లు కాదు. అలాంటి అత్తకు మెడ కింద గడ్డ లేచింది. ఆపరేషన్ చెయ్యాలని, ఆ తరువాత గొంతు మారినా మారవచ్చని కర్నూలు డాక్టరు ముందే చెప్పాడు. "మారితే మారనీలే సారూ, పానం ఉంటే సాలు" అని అత్త నవ్వింది. కానీ తిరుగు బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. గంటత్త మాట్లాడకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు, నాకు భయం వేసింది.

అందుకే ఆపరేషన్‌కు ముందు ఆమెను మా ఇంట్లో కూర్చోబెట్టి, ఉన్న పాటలన్నీ నా ఫోన్లో రికార్డు చేశాను. (స్టూడియో నాణ్యత ఆశించకండి. ఒక పాటలో అమ్మ కుక్కరు ఈల వేస్తుంది. ఈస్టరు పాట రెండో చరణంలో నాయన వాకిట్లోంచి "మోటరు ఆపినారా లేదా?" అని అరుస్తాడు.) ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ పోయింది, గొంతూ పోయింది. ఎండిన కందికట్టెను నేల మీద ఈడ్చినట్టు గరగరమనే శబ్దం మిగిలింది. అప్పటినుంచి అత్త చర్చికి రావడం మానేసింది. "గొంతు లేందాన్ని ఆడికొచ్చి ఏం చేస్తానే? గోడలు సూస్తా కూసుండల్లా?" అనేది. 

అప్పుడు మన ఇంజినీరమ్మ రంగంలోకి దిగింది. ఇంటి వైఫై రూటరుకు నీలి వైరుతో తగిలించుకునే ఒక పెట్టె ఉంటుంది. అందులో రెండు హార్డ్‌డిస్కులు పెడితే, ఏది దాచినా రెండింటిలోనూ రాసుకుంటుంది. ఇంట్లో ఎవరి ఫోన్లోంచైనా తీసి వినవచ్చు. ఆ పెట్టె కొని, నాయన మోటరు బిగించే స్క్రూడ్రైవరుతో డిస్కులు బిగించాను. (చివర్లో రెండు మరలు మిగిలాయి. వాటి గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.) నాయన అటూ ఇటూ తిప్పి చూసి, "రెండు ఏంటికి పాపా? ఒకటి సాలదా?" అన్నాడు. "ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది నాయనా" అని, పాఠం చెప్పే గొంతుతో చెప్పాను. మా ఇంట్లో కొత్త వస్తువేది వచ్చినా చర్చి పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చెయ్యకుండా స్విచ్చి వెయ్యరు. బండికీ, ఫ్రిజ్జుకీ చేసినట్టే దీనికీ చేశారు. ఆయన ప్రార్థన దేశాలన్నీ చుట్టి మా వీధికి చేరేలోపు ఓపిక పట్టలేక నేను స్విచ్చి నొక్కాను, పెట్టె 'బీప్' మంది. అయ్యగారు ఒక కన్ను తెరిచి నావైపు చూసి, ఆమెన్ అనేశారు.

పాటలన్నీ పెట్టెలోకి ఎక్కించి, ఫోన్ నిండిపోయిందని అందులోవి తుడిచేశాను. (అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి.) తరువాత అందరినీ నిలబెట్టి ఆజ్ఞలు జారీ చేశాను. దీన్ని ఎప్పుడూ ఆపకూడదు. దెబ్బ తగలకూడదు. దుమ్ము పడకూడదు. "అత్త గొంతు ఇప్పుడు దీంట్లో తప్ప ఇంకెక్కడా లేదు" అని కూడా అన్నాను. అమ్మ చర్చిలో వాక్యం వింటున్నంత శ్రద్ధగా తల ఊపింది. టీవీకి, మిక్సీకి వేసినట్టే దీనికీ ఒక అల్లిక గుడ్డ వేసింది. చిల్లుల గుడ్డే కదా, గాలి ఆడుతుందిలే అని ఊరుకున్నాను.

ఈస్టరు దగ్గర పడింది. అమ్మ రోజూ వెళ్లి అత్తను బతిమాలింది. "నువ్వు పాడొద్దులే వదినా. వచ్చి కూసో సాలు. మైకులో నీ పాటే వస్తాది, మేమంతా దాని ఎనక పాడతాం." అత్త బెట్టు చేసి చేసి చివరికి ఒప్పుకుంది. "వాకిట్లో నిలబడతా. నా పాట వినపడితే లోపలికొస్తా. వినపడలేదా, అట్నించి అటే ఇంటికి. మళ్ళ జన్మలో నన్ను పిలవాకండి" అంది. ఆ పాటను పెన్‌డ్రైవులోకి ఎక్కించే పెద్ద బాధ్యతతో నేను శనివారం మధ్యాహ్నం, మొహం మాడిపోయే ఎండలో ఇల్లు చేరాను.

ల్యాప్‌టాప్ తెరిస్తే పెట్టె కనపడలేదు. రూటరును ఆపి వేశాను. ల్యాప్‌టాప్ ఆపి వేశాను. మళ్లీ రూటరును ఆపి వేశాను. ఇంటర్నెట్ వాళ్లను తిట్టాను, ఎండను తిట్టాను. నాయన మంచం మీదినుంచి "ఆపి వేస్తే అయిపోతాది అంటివి కదా?" అన్నాడు. పెట్టె ఉండే అలమర వైపు చూశాను. అల్లిక గుడ్డ కింద పెట్టె బుద్ధిగా కూర్చునే ఉంది. ఇక చేసేది లేక దానికే ఒకసారి ఆపి వేసే వైద్యం చేద్దామని లేచి గుడ్డ తీశాను. కింద బిస్కెట్ల డబ్బా ఉంది.

"అమ్మా! పెట్టె ఏది?"

"అరవాకు. బీరువాలో ఉండాది" అంది అమ్మ, చుట్టూ చూసి గొంతు తగ్గించి. "ఎండలకు అందరం మిద్దె మీద పండుకుంటాండామా? కింద ఇంట్లో ఎవురూ ఉండరు. నా గొలుసు బీరువాలో పెట్టి, వదిన గొంతును బయట పెట్టి పోతానా? దొంగోడు వస్తే వాడికి డబ్బా దొరకనీలే అని అది పెట్టినా."

 బీరువా తెరిస్తే వేడి మొహానికి కొట్టింది. నా ఆజ్ఞలన్నీ అక్షరం పొల్లుపోకుండా అమలయ్యాయి. దెబ్బ తగలకూడదని పెట్టెను పాత చీరల బొంతలో నాలుగు చుట్లు చుట్టింది. దుమ్ము పడకూడదని తలుపు తాళం వేసింది. ఆపకూడదని కరెంటు తీగను తలుపు సందులోంచి లోపలికి లాగింది. "ఆ నీలి వైరు ఈడిదాకా అందల్యా, అందుకని పీకేసినా. కరెంటు మాత్రం ఒక్క నిమిషం ఆపలేదు పాపా" అంది గర్వంగా. గాలి కావాలని చెప్పని ఇంజినీరమ్మ పెట్టెను ముట్టుకుని, వేళ్లు కాలి కెవ్వుమంది. పెట్టె మీద ఒక్క దీపమూ వెలగడం లేదు.

సరిగ్గా అప్పుడే అత్త వచ్చింది. చేతిలో రేపటికని ఇస్త్రీ చేయించిన తెల్లచీర. మా మొహాలు చూసి, నేల మీద బొంత చూసి, అడగకుండానే గ్రహించింది. అమ్మ తలుపు పట్టుకుని "నేనే సంపితి వదినా, నీ గొంతును నేనే సంపితి" అని ఏడుపు మొదలుపెట్టింది. చల్లారడానికి పెట్టెను నీళ్లకుండ మీద పెడదామని ఉరికింది కూడా, నేను అడ్డం పడి ఆపాను. అత్త చీర పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, గోడకున్న విసనకర్ర తీసుకుంది. జ్వరమొచ్చిన బిడ్డకు విసిరినట్టు ఆ పెట్టెకు విసరడం మొదలుపెట్టింది.  తన గొంతుకు తనే విసురుకుంటున్న ఆమెను చూస్తూ నేను చదివిన చదువంతా దండగ అనుకున్నాను. నాయన కూడా ఎగతాళి చెయ్యలేదు, దానికే నాకు ఎక్కువ దుఃఖమొచ్చింది.

పెట్టె ముట్టుకోనిచ్చేంత చల్లబడ్డాక స్విచ్చి నొక్కాను. బీప్ మంది. మొదటి డిస్కు దీపం ఎర్రగా వెలిగి అలాగే ఉండిపోయింది. రెండోది చాలాసేపు ఆలోచించి ఆకుపచ్చగా వెలిగింది. నేను బోరున ఏడ్చాను. చచ్చిందేమో అనుకుని అమ్మ ఇంకా గట్టిగా ఏడ్చింది. నాయనే వంగి చూసి, "ఒకటి పోయినా ఇంకోటి ఉండాది లేవే" అన్నాడు.

తెల్లవారి చర్చిలో పాట మొదలైంది. వాకిట్లో తెల్లచీర కనపడింది, గడప దాటింది, వచ్చి తన పాత చోట కూర్చుంది. ఆడవాళ్లందరూ అందుకున్నారు. రెండో చరణంలో, నిండు సభలో, పెద్ద స్పీకర్లలోంచి "మోటరు ఆపినారా లేదా?" అని వినపడింది. అయ్యగారితో సహా అందరూ నవ్వారు. మగవాళ్ల వైపు కూర్చున్న నాయన తల దించుకున్నాడు. అత్త పడీ పడీ నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఇంత సాగదీసి పాడినానా నేను? కోడికునుకు వస్తాండాది" అని విసుక్కుంది. మూడో చరణానికి ఆగలేక, ఆ గరగర గొంతుతోనే రికార్డు కంటే ముందు ఎత్తుకుంది. మేమంతా స్పీకరును వదిలి ఆమె వెనక పోయాం.

ఇప్పుడు నా పెట్టె కర్నూలులో నేను తీసుకున్న అద్దె ఇంట్లో, అలమర మీద గుడ్డ లేకుండా బోసిగా ఉంటుంది. ఎండాకాలం దానికొక ఫ్యాను. ఇంకొక కాపీ మాత్రం వేరే డిస్కులో, కరెంటు లేకుండా, అదే బొంతలో, అమ్మ బీరువాలోనే ఉంది. ఒక కాపీ వేరే ఊళ్లో తాళం వేసి ఉంచాలని నేనే ల్యాబులో పిల్లలకు చెబుతున్నాను. (ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పను.) మొన్న ఊరికి వెళ్లినప్పుడు అత్తను కూర్చోబెట్టి, ఇప్పటి గొంతుతో అవే పాటలు మళ్లీ పాడించి రికార్డు చేశాను. "ఈ గరగర ఏంటికే నీకు? మంచిది ఉండాది కదా" అంది.

"రెండుండాలత్తా" అన్నాను. ఈసారి పాఠం చెప్పే గొంతు రాలేదు. అత్త నీళ్లు ఒక గుక్క తాగి, ఈస్టరు పాట మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.