మా బౌలరుకి వెల కట్టిన ఆదివారం

ఈ సంగతి ఎప్పుడో రాయవలసింది, కానీ మొన్నమొన్నటి దాకా నాకు అక్షరం ముక్క రాదు. చిన్నతనంలో మా ఒంగోలు వైపు పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగుకి పెట్టారు, బడి ఊసు ఎవరూ ఎత్తలేదు. పెళ్ళయ్యాక మా పేటలో రాత్రిబడి పెడితే ఇష్టంగా వెళ్ళాను. ఒకరోజు మా ఆయన బడి గుమ్మం దాకా వచ్చి, జుట్టు పట్టి బయటికి ఈడ్చి, అందరూ చూస్తుండగా ఆ పలకని నా వీపు మీదే విరగ్గొట్టాడు, అంతటితో ఆ ముచ్చట తీరిపోయింది. ఆయన పోయాక, నర్సు పనికి ఐర్లండు వచ్చిన మా అమ్మాయి కాన్పు సాయానికని నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. ఇక్కడ ఆదివారం ప్రార్థన అయ్యాక పిల్లలకి తెలుగు నేర్పే తరగతి ఒకటుంది. మనవరాలి కోటు ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలో కూర్చునేదాన్ని, ఆ పిల్లల కుర్చీలోనే మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా, అరవై దాటాక అక్షరాలు దిద్దాను. కనుక తప్పులుంటే నా ఈడువాళ్ళు, మీరే సర్దుకోవాలి.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న శనివారం మా ఆడమ్స్‌టౌన్ ఇంట్లో వంటింటి బల్ల దగ్గర మా మనవరాలూ, మా చెల్లెలి కొడుకూ క్రికెట్టు జట్ల మార్పిడి గురించి వాదించుకుంటున్నారు. మనవరాలు ఆడపిల్లల జట్టులో ఆడుతుంది, వాడు ఆ జట్టుకి ఆట నేర్పుతాడు. చలికాలం మైదానాలన్నీ బురదై ఆట ఉండదు కదా, ఆ నెలల్లోనే ఎవరు ఏ జట్టు వదులుతారు, ఎవరికి బదులుగా ఎవరిని ఇస్తారు అన్న బేరాలు సాగుతాయి, వాటి వెనకే పుకార్లూ నడుస్తాయి. వీళ్ళ వికెట్‌కీపరు పిల్లని నేవన్ ఊరి జట్టు లాక్కుపోతోందని ఎవరో ఫోనులో పెట్టారట.

"హూ సెడ్ దట్, మామయ్యా? షీ నెవర్ టోల్డ్ మీ," అంటూ అది అరచేత్తో బల్ల మీద గట్టిగా చరిచింది.

అంతే, నా చెయ్యి నాకు తెలియకుండానే ముందుకు సాగి, ఉల్లిపాయల పక్కనున్న కత్తిని తీసి ప్రెస్సులో పెట్టి తలుపు మూసింది. ఇక్కడ వంటింటి అలమరని ప్రెస్సు అంటారు లెండి. "అమ్మమ్మా, వి ఆర్ గ్రాండ్!" అని అది పకపకా నవ్వింది, ఏమీ ఫరవాలేదు అనడానికి ఇక్కడ గ్రాండ్ అంటారు. వాడు కొంచెం ఆగి నవ్వాడు.

వాడు ఆగిన ఆ క్షణంలో నాకూ వాడికీ ఒకే ఆదివారం గుర్తొచ్చింది. అప్పటికి మనవరాలు ఇంకా బడిలో చేరిన కొత్త. మా అల్లుడు ఈ ఇంట్లోనే ఉండేవాడు, కంప్యూటరు ఉద్యోగం, మాట పదునైన మనిషి, ఈ చుట్టుపక్కల తెలుగు కుర్రాళ్ళని పోగుచేసి జట్టు కట్టింది అతనే, కెప్టెనూ అతనే. మా చెల్లెలి కొడుకు, మా అమ్మాయి సాయంతోనే ఈ దేశం వచ్చి, ఒక నర్సింగ్ హోములో ముసలివాళ్ళని లేపి కూర్చోబెట్టే పనిలో ఉండేవాడు. వాడు పరుగెత్తుకొచ్చి బంతి విసిరితే, ఆట తెలియని నేను కూడా బిర్యానీ గిన్నె మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడి చూసేదాన్ని. వాళ్ళిద్దరూ బావా బావమరదులు, ఒకరినొకరు వెటకారం చేసుకోకుండా ముద్ద దిగేది కాదు.

ఆ రోజులు మంచివని చెప్పాలనే ఉంది, చాలా మటుకు మంచివే. ఎండ కాసిన ఆదివారం పచ్చిక మీద చాపలు పరుచుకుని, గోంగూర పచ్చడి చేతులు మారుతూ, పిల్లలు అరుస్తూ ఉంటే, పరాయి దేశంలో ఉన్నామన్న సంగతే మరిచిపోయేవాళ్ళం. కానీ ఆ ఆటలో నెత్తురు కూడా చూశాను. ఒక వేసవిలో అవుటా కాదా అన్న తగాదాలో నేస్ ఊరి జట్టు మనిషి ఒకడు నేలలోంచి వికెట్టు కర్ర పీకి మావాడొకడి కనుబొమ చీల్చాడు, నా చీర కొంగు చింపి కట్టు కట్టాను. ఇంకోసారి కారు అద్దాలు పగిలాయి. ఓడిపోయి వచ్చిన రాత్రి మా అల్లుడు వంటింటి ప్రెస్సు తలుపు మీద గుద్దితే చెక్క లోపలికి చొట్ట పడింది. మరి కొన్నాళ్ళకి అమ్మాయి మోచేతి పైన నల్లగా కమిలి కనిపించింది. అడిగితే, మతి లేని రోగి ఒకాయన మంచం మీంచి పట్టి లాగాడమ్మా అంది. నేను ఇంకేమీ అడగలేదు. మా ఊళ్ళో నన్ను ఎవరైనా అడిగినప్పుడు, బావి దగ్గర జారి పడ్డానని నేనూ అలాగే కళ్ళు దించుకుని చెప్పేదాన్ని.

చలికాలం వస్తే చాలు, జట్టంతా మా ఇంట్లో చేరి మనుషులకి వెల కట్టేవాళ్ళు. రూపాయల్లో కాదు, మనిషికి మనిషి. బంతి వేసేవాడు ఒకడు ఇద్దరు బ్యాటుగాళ్ళ పెట్టు అని ఒకరంటే, మోకాలు నొప్పి ఉన్నవాడు సగం మనిషేనని ఇంకొకరు. ఈ పుకార్లన్నిటికీ మూలం నేవన్‌లో సరుకుల కొట్టు పెట్టుకున్న ఒక అంకుల్. పప్పు కొనడానికి అన్ని జట్ల వాళ్ళూ అక్కడికే పోతారు కనుక ఆయన చెవిలో పడనిది లేదు. ఆయన మాట నమ్మవచ్చా లేదా అన్నదానిపై గంటల తరబడి చర్చ జరిగేది. మా జట్టులో వరంగల్ అబ్బాయి ఒకడు, నవ్వకుండా నవ్విస్తాడు, "అంకుల్ చెప్పిన దాంట్ల సగం నిజమే ఉంటది అన్నా, గాని ఏ సగమో అంకుల్‌కే ఎరుక లేదు," అనేవాడు.

ఇంకొక పద్ధతి చెప్పాలి, అది తెలియకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. జట్టు వదిలే మనిషి దొంగలా పోకూడదని మా అల్లుడే నియమం పెట్టాడు. వెళ్ళేవాడు ఉతికి ఇస్త్రీ చేసిన జట్టు చొక్కా సంచిలో పెట్టుకుని, మిఠాయి పెట్టెతో కెప్టెన్ ఇంటికి రావాలి, చొక్కా అప్పగించి, భోంచేసి పోవాలి. ఎంత గొడవ పడి వెళ్ళేవాడైనా అలాగే వచ్చేవాడు, నేను వడ్డించేదాన్ని, ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగేవి.

ఆ ఏడు మా చెల్లెలి కొడుకు ఉన్న ఇల్లు యజమాని అమ్ముకున్నాడు. ఎక్కడా అద్దెకి దొరక్క, నేస్‌లో ఒక గది లీజుకి తీసుకుని అక్కడికి మారాడు. వాడు మారిన వారంలోనే, నేస్ వాళ్ళు వాడి కోసం ఇద్దరిని ఇస్తామంటున్నారు, వాడు కూడా ఒప్పుకున్నాడు అని నేవన్ అంకుల్ ఫోను గుంపులో పెట్టాడు. ఒక్క ఫోను చేసి వాణ్ణే అడగవచ్చు కదా అన్నాను. "వాడు నాకు చెప్పాలి గానీ, నేనడిగితే లోకువైపోనూ అత్తయ్యా?" అన్నాడు అల్లుడు. ఆ లోకువ భయంతో కుతకుత ఉడికాడు, అన్నం సగంలో వదిలేసేవాడు, అమ్మాయి గ్లాసు కింద పెట్టిన చప్పుడుకి కూడా కసిరేవాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి డ్యూటీలో ఉంది, జట్టు మనుషులు ఏడెనిమిది మంది ముందు గదిలో చేరారు, నేను వంటింట్లో బిర్యానీ దమ్ము మీద పెట్టాను. పుకారు నిజమని కొందరు, కాదని కొందరు. పోతే పోనీ, బదులుగా ఇద్దరొస్తారు కదా, లాభమే అన్నాడొకడు. వాడికి ఇద్దరేమిటి, వాడి వెల ముగ్గురు అన్నాడు ఇంకొకడు. ఆ ముగ్గురూ వస్తే నీ చోటు పోతుందిరా అని ఎవరో వెక్కిరించేసరికి, ఆ మాట పడ్డవాడు అన్నవాడి చొక్కా పట్టాడు, ఇద్దరూ కలిసి అద్దం బల్ల మీద పడ్డారు, బల్ల భళ్ళున పగిలింది. అరచేతిలో గాజుముక్క దిగి ఒకడు కేక పెట్టాడు. "గా అంకుల్ మాటకు ఇల్లు పీకి పందిరేస్తరా ఏంది!" అని వరంగల్ అబ్బాయి ఇద్దరినీ విడదీస్తుండగానే గుమ్మం గంట మోగింది.

తలుపు తీసింది నేనే. ఎదురుగా మా చెల్లెలి కొడుకు, ఒక చేతిలో మిఠాయి పెట్టె, ఇంకో చేతిలో సంచి. గది గదంతా ఆ రెండు చేతుల వంకే చూసింది. ఇక్కడ జరుగుతున్న రభస వాడికి తెలియదు. పుకారు వాడూ విన్నాడు, నవ్వుకుని వదిలేశాడు, బావతో ఎప్పుడూ ఆడే వేళాకోళమే ఆడాడు:

"ఏం బావా, అమ్మకానికి పెట్టావంట కదా నన్ను, ఎంతకి పలికానేంటి?"

మెట్ల కింద ఆనించి ఉన్న బ్యాటు అల్లుడి చేతిలోకి ఎలా వచ్చిందో నేను చూడలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది, కర్ర మీద గొడ్డలి పడ్డ చప్పుడు. పెట్టె జారి మిఠాయి నేలంతా చెల్లాచెదురైంది. "నా ఇంటికి తెచ్చి అన్నం పెట్టింది ఇందుకారా?" అని ఇంకొకటి వేశాడు. వాడు తలకి అడ్డంగా కుడి చెయ్యి పెట్టుకున్నాడు, ఆ చేతి వేళ్ళ మీద పడింది. వాడు కింద పడ్డాక కూడా ఇంకా పైకెత్తాడు. నేను అడ్డు వెళితే నా మణికట్టుకి తగిలి చెయ్యి మొద్దుబారింది. నిలబడి చూస్తున్న మగవాళ్ళలో ఒక్కడూ కదల్లేదు. అప్పుడు వంటింట్లోకి పోయి, ఎడమ చేత్తో బిర్యానీ గరిట తీసుకొచ్చి, దాని వేడితోనే అల్లుడి నుదుటి మీద నా బలమంతా పెట్టి కొట్టాను. అల్లుడి మీద చెయ్యెత్తిన అత్తని మా వంశంలో ఎవరూ చూసి ఉండరు. నెత్తురు కంట్లోకి కారుతుంటే అతను బ్యాటు వదిలేసి, నా వంక తెల్లబోయి చూశాడు. పైన మెట్ల మీద మనవరాలు కూర్చుని ఉంది. "ఈజ్ మామయ్య డెడ్?" అని అడిగింది. దాని గొంతులో ఏడుపు కూడా లేదు.

సంచిలో చొక్కా లేదు. నాకోసం కొన్న ఊలు శాలువా ఉంది. వాడి భార్యకి వీసా వచ్చింది, ఆ మిఠాయి అందుకు.

అంబులెన్సు వెనకే గార్డులు వచ్చారు, అంటే ఇక్కడి పోలీసులు. ఆడుకుంటుంటే తగిలిందని జట్టంతా ఒకటే మాట చెప్పింది. నేను తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో చెప్పడానికి ముందుకొచ్చినవాడు కూడా ఆ జట్టువాడే, నేను కొట్టాడు కొట్టాడు అని అరుస్తుంటే వాడు ఏదో చెప్పి గ్రాండ్ అని ముగించాడు, ఆ ఒక్క ముక్క నాకు తెలిసింది. వరంగల్ అబ్బాయి మాత్రం తల వంచుకుని బయటికి పోయాడు. స్ట్రెచరు మీద నుంచి చెల్లెలి కొడుకు, "వదిలెయ్ పెద్దమ్మా, అక్క కాపురం," అన్నాడు. పగిలిన వేళ్ళని గుండె మీద పెట్టుకుని అన్నాడు ఆ మాట. వాడు చెప్పిన కాపురం గురించే నేను ఆ రాత్రంతా ఆలోచించాను, కమిలిన మోచెయ్యి గురించీ, మెట్ల మీది పిల్ల గురించీ.

తరవాతి సంగతులు చుట్టాలందరికీ తెలిసినవే. కోర్టు అల్లుణ్ణి ఇంటికి దూరంగా ఉండమంది. అతను కోపం అణచుకునే తరగతులకి వెళ్ళాడు, ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటాడు, శనివారాలు కూతుర్ని చూసి పోతాడు, నన్ను చూస్తే నమస్కారం పెడతాడు, నుదుటి మీద మచ్చ అలాగే ఉంది. చెల్లెలి కొడుకు వేళ్ళు రెండు మళ్ళీ వంగలేదు, బంతి పట్టలేదు. అమ్మాయికి తెలియకుండా ముసల్ది అల్లుణ్ణి పట్టించి కాపురం కూల్చింది అని ఇక్కడా అక్కడా అన్నారు, ఆ మాట ఇన్నేళ్ళూ పడ్డాను. మొన్న అమ్మాయి దీన్ని సగం దాకా చదివి, ఉన్నదున్నట్టు రాయమ్మా అంది.

ఇప్పటి పిల్లలు జట్టు మారితే ఫోనులో రెండు ముక్కలు పెట్టి వెళ్ళిపోతారు. ఎవరూ ఎవరి గుమ్మంలోకీ రారు, కనుక ఎవరూ కొట్టుకోరు, అది మేలే. కానీ వెళ్ళిపోయేవాడికి అన్నం వడ్డించి, ఇంకొంచెం వేసుకో నాయనా అనే భాగ్యం కూడా పోయింది. పుకార్లు మాత్రం అలాగే ఉన్నాయి, నేవన్ అంకుల్ లాంటివాళ్ళు ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఉన్నారు.

ఇక ఆ మర్నాడు పొద్దున నేను చేసింది చెబుతాను. సన్నగా వాన పడుతోంది. సోఫా కింద దొరికిన బ్యాటుని ఆ కొత్త శాలువాలో చుట్టి చంకలో పెట్టుకుని, వాచిన కుడి చెయ్యి కోటు జేబులో దాచుకుని, దారి అడగడానికి మాట రాదు కనుక బస్సు వెళ్ళే రోడ్డు వెంబడే పక్కనున్న లూకన్ దాకా నడిచి, గార్డుల స్టేషన్లోకి వెళ్ళి బ్యాటుని బల్ల మీద పెట్టాను. అక్కడున్న ఆడ గార్డు నా చెయ్యి చూసి, కుర్చీ వేసి, ఎవరికో ఫోను చేసి నా చెవి దగ్గర పెట్టింది. అవతల, గార్డులకి మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పే ఒక తెలుగు పిల్ల గొంతు. మొదటినుంచి చివరిదాకా చెప్పాను, నేను గరిటతో కొట్టింది కూడా చెప్పాను. ఫిర్యాదు ఎవరి మీదమ్మా అని అడిగింది. మా అల్లుడి మీద అన్నాను. ఆ తరవాత ఆ పిల్ల, గార్డు అడగమన్న ప్రశ్న కాదది, తనంతట తనే మెల్లగా అడిగింది:

"మీ అమ్మాయిగారికి తెలుసా అమ్మా, మీరిక్కడికి వచ్చినట్టు?"

"తెలుసమ్మా," అన్నాను. "చెయ్యి వాచింది కదా, ఈ బూట్ల తాళ్ళు తనే కట్టింది."