పెద్ద కత్తి అడిగిన లచ్చవ్వ

నిన్న పొద్దున మౌనిక ఫోన్ చేసింది. "అవ్వ పోయిందే" అని ఒక్క మాట. తర్వాత ఏడుపు.

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. మొన్న ఆదివారమేగా మా పక్కన కూర్చుని ఆడింది!

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

మౌనిక నా ఫ్రెండ్. శామీర్‌పేటలో ఉంటుంది. లచ్చవ్వ వాళ్ల నాయనమ్మ. వయసులో ఉన్నప్పుడు చెరువు చేపలు గంపకెత్తుకుని అలియాబాద్ దాకా నడిచి అమ్మేది.

మా గేమ్ తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. టేబుల్ చుట్టూ కూర్చుని నోటితో కథ నడిపే ఆట అది. రాక్షసులు, గుహలు, నిధులు. కథ చెప్పేది మౌనిక. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ఏం చేస్తామో మేం చెప్పాలి, అది కుదురుతుందో లేదో పాచికలు తేలుస్తాయి.

మౌనిక తమ్ముడు కిరణ్ మంత్రగాడు. నేను హీలర్‌ని, అంటే గాయాలు మాన్పే మనిషిని. ఆదివారం నాగారంలో చర్చి అయ్యాక బండేసుకుని వాళ్లింటికి వెళ్లేదాన్ని.

లచ్చవ్వ మొదట్లో ఓ మూల చిక్కుడుకాయలు గిల్లుతూ వినేది. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

అబ్బో, ఎన్ని ప్రశ్నలో!

"మంత్రాలోడు ఎప్పుడు సూసినా ఎనకనే ఉంటడేంది?"

ఒంటి మీద కవచం ఉండదవ్వా, ఒక్క దెబ్బకే పడిపోతాడు అని కిరణ్ చెప్పేవాడు.

"మరి రెండు కత్తులోడు డాలు ఏ చేత పడతడు?"

అసలు పట్టడు. ఎక్కువ కొడతాడు, ఎక్కువ దెబ్బలు తింటాడు.

ఒకరోజు మౌనిక డాలు పట్టేవాడి ఫైటింగ్ స్టైల్ గురించి చెప్పింది. పక్కవాడి మీదకొచ్చే దెబ్బకు తన డాలు అడ్డం పెట్టడమే వాడి పని. అవ్వ చేతిలో కాయ పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించింది.

"పక్కోన్ని వీడు కాస్తడు. మంచిగనే ఉన్నది. మరి వీన్ని ఎవలు కాస్తరు?"

మౌనిక నా వైపు చూసింది. "నేనే అవ్వా" అన్నాను. అవ్వ నన్ను అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

ఆ పై వారం "నన్ను గూడ కలుపుకోండ్రి" అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

హీలర్ అవుతుందనే అనుకున్నాం. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా కషాయం కాచేది ఆవిడే మరి. కావాలంటే నా పాత్ర ఇచ్చేస్తానన్నాను.

"ఇంట్ల రోజు గదే పని. ఈడ గూడనా? అన్నిట్ల పెద్ద కత్తి ఏదున్నదో గది ఇయ్యి నాకు."

రెండు చేతులతో పట్టుకునే కత్తి అది. డాలుకు చోటుండదు.

ఇక ఓ ఆదివారం ఆటలో వంతెన మీద రాక్షసుడితో ఫైట్. అందరికంటే ముందు లచ్చవ్వ. దెబ్బ మీద దెబ్బ. నేను మందు వేస్తానన్నప్పుడల్లా ఒకటే మాట. "నాకేంగాలె. ముందుగాల కిరణ్‌గానికి సూడు." కిరణ్‌కు గీత కూడా పడలేదు!

చివరికి ఆవిడ యోధుడు కూలిపోయాడు. అప్పుడు ఆవిడను అడగకుండానే నయం చేశాను.

"ఇప్పుడు నొప్పి పోయినట్టేనా?"

"పోయిందవ్వా. లే."

"ఎవలన్న మనకు మందు పెడితే గిట్లుంటదా!" అని నవ్వింది.

ఆ సాయంత్రమే నన్ను పెరట్లోకి పిలిచింది. చీర అంచు పైకెత్తి, కాలికి చుట్టిన గుడ్డ విప్పింది. బొటనవేలు నల్లబడి ఉంది. షుగర్ మనిషి. ఎన్నాళ్ల నుంచి దాచిందో!

"ఇంట్ల జెప్తే పరేషాన్ అయితరు. నువ్వు మందులదానివి గద, జర సూడు బిడ్డా."

నేను మేడ్చల్‌లో ఒక గోడౌన్‌లో బిల్లింగ్ చేస్తాను. "అది ఆటలోనే అవ్వా, నాకు నిజంగా ఏమీ రాదు" అన్నాను.

"రాకపోతే వచ్చినోల దగ్గరికి తోల్కపో."

మౌనికకు చెప్పేశాను. వాళ్ల నాయిన ఆటో తెచ్చారు. ఇంకొంచెం ఆలస్యమైతే కాలే పోయేదని డాక్టర్ అన్నారు. వేలు తీసేశారు, కాలు దక్కింది. మత్తు దిగాక ఆవిడ డాక్టర్‌ని అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా?

"తీసిన ఏలును ఏం జేస్తరు సారూ?"

ఆ తర్వాత స్టూల్ మీద కాలు చాపుకుని ఆడేది. కత్తి మాత్రం అదే. తేడా ఒక్కటే. దెబ్బ తగిలితే "రూతా, జల్దీ రా!" అని తనే నన్ను పిలిచేది. ఇంట్లో తలనొప్పి వచ్చినా చెప్పడం మొదలుపెట్టిందని మౌనిక అనేది.

నిన్న సాయంత్రం అంతా అయ్యాక వాకిట్లో కూర్చున్నాం. మౌనిక వాళ్ల నాయిన వచ్చి మా పక్కన కూర్చున్నారు. ప్రతి ఆదివారం మేం ఆడే గది ముందు నుంచే వెళ్లేవారు కానీ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

"మా అమ్మ గా ఆటల ఏం జేస్తుండె?"

"కొట్లాడుతుండె నాయినా. అందరికన్న ముంగట" అంది మౌనిక.

"బయం, బుగులు పడకపోతుండెనా?"

"పడుతుండె. ఎనక మేమున్నమా లేదా అని ఒక్కపారి తిరిగి సూస్తుండె. గంతే, మల్ల పోతుండె."

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నారు.

"మల్ల ఎప్పుడన్న ఆడితే నన్ను పిలువుండ్రి. గదేందో నేను గూడ సూస్త."

వెళ్లిరా లచ్చవ్వా.

నీ దేవుడూ నా దేవుడూ కలిసి నిన్ను చల్లగా చూసుకోవాలి.